రైలు గేటుకు తాళం ఎలా పడింది

1833లో ఇంగ్లండ్‌లోని లీసెస్టర్-స్వానింగ్టన్ రైలుమార్గంలో థార్న్‌టన్ అనే చోట రోడ్డు దాటుతున్న గుర్రబ్బండిని రైలు గుద్దింది. ఆ బండిలో వెన్న, కోడిగుడ్లు సంతకు పోతున్నాయి. ఇంజన్‌కు ఆవిరి కూత అమర్చాలన్న ఆలోచన ఆ తర్వాతే వచ్చిందని రైల్వే చరిత్రల్లో చెబుతారు. కూత పెట్టినంత మాత్రాన బండ్లు ఆగలేదు. 1839లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. పెద్ద రోడ్లను పట్టాలు దాటేచోట గేట్లు పెట్టాలి, వాటికి మనిషిని కాపలా ఉంచాలి అన్నది. మామూలు వేళల్లో గేటు రోడ్డుకు అడ్డంగా మూసే ఉండాలని 1842లో ఇంకో చట్టం తెచ్చింది.

మన దేశంలో 1853లో బొంబాయి నుంచి ఠాణాకు రైలు నడిచింది. 1890 నాటి రైల్వే చట్టంలో గేట్లతో పాటు గొలుసుల ప్రస్తావన కూడా ఉంది. రోడ్డుకు అటూ ఇటూ గుంజలు పాతి, రైలొచ్చే వేళకు గొలుసు కట్టినా గేటు కిందే లెక్క. తర్వాత ఇంటి తలుపుల్లా తెరుచుకునే ఇనుప గేట్లు వచ్చాయి. ఆ తర్వాత, చక్రం తిప్పితే పైకి లేచి కిందికి దిగే పొడవాటి అడ్డకమ్మీ, దాని నడుమ ఎర్రటి గుండ్రని బిళ్ల. ఈనాడు మనం 'గేటు పడింది' అంటున్నది దీన్ని చూసే.

అయితే గేటు చరిత్రలో అసలు మలుపు ఈ కమ్మీ కాదు, దాన్ని సిగ్నల్‌తో ముడివేయడం. దీన్నే ఇంటర్‌లాకింగ్ అంటారు. స్టేషన్ మాస్టర్ ఫోన్ చేసి రైలు వస్తోందని చెబుతాడు. గేట్‌మన్ చక్రం తిప్పి కమ్మీలు దించి, తాళం వేస్తాడు. తాళం పడ్డాకే సిగ్నల్‌కు పచ్చదీపం వెలిగే వీలు కలుగుతుంది. సిగ్నల్ ఇచ్చాక రైలు దాటేవరకు గేటు తెరుచుకోదు. ఏ లారీయో గుద్ది కమ్మీ విరిగితే సిగ్నల్ ఎర్రగానే ఉండిపోతుంది. మనిషి మరిచినా, నిద్రపోయినా, ఎవరైనా గొడవపెట్టి గేటు తీయమన్నా, గేటు తెరిచి ఉండగా రైలుకు పచ్చదీపం వెలగదు.

ఇంటర్‌లాకింగ్ లేని గేటులో ఉన్నదంతా ఫోను మీద మాటే. గేటు మూశాననడానికి గుర్తుగా గేట్‌మన్ 'ప్రైవేట్ నంబర్' అనే ఒక అంకె చెబుతాడు. స్టేషన్ మాస్టర్ దాన్ని రిజిస్టర్‌లో రాసుకుని రైలును వదులుతాడు. అక్కడ గేటు నిజంగా పడిందో లేదో ఆయన కంటికి కనబడదు.

సిగ్నల్‌తో ముడి లేకపోతే ఏమవుతుందో బ్రిటన్ 1968 జనవరి 6న హిక్సన్ దగ్గర చూసింది. రైలు రావడానికి కొన్ని సెకన్ల ముందు దానంతటదే దిగే సగం కమ్మీల గేటు అది. 120 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్‌ను మోస్తున్న భారీ వాహనం నింపాదిగా పట్టాలు దాటుతుండగా ఎక్స్‌ప్రెస్ వచ్చి గుద్దింది. 11 మంది చనిపోయారు. గేటు పనిచేసింది. కాని దారిలో అడ్డం ఉందని రైలుకు చెప్పే ఏర్పాటే లేదు.

మన దగ్గర 'కాపలా లేని గేటు' అని పేరే తప్ప అసలు గేటే లేని చోట్లు వేల సంఖ్యలో ఉండేవి. ఏ గేటుకు ఎంత రక్షణ కావాలో తేల్చడానికి రైల్వే వాడే కొలత టీవీయూ (ట్రైన్ వెహికల్ యూనిట్). ఒక రోజులో పోయే రైళ్ల సంఖ్యను వాహనాల సంఖ్యతో గుణిస్తారు. ఎడ్లబండి ఒకటి, కారు ఒకటి, ఆటో అర. నలభై మంది పిల్లలున్న బస్సు కూడా ఒకటే. ఈ లెక్క నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటులో నాందేడ్-సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొన్నది అలాంటి బడి బస్సునే. తెలంగాణ ఏర్పడి రెండు నెలలైనా కాలేదు, ఊళ్లకు ఊళ్లు పిల్లల్ని పోగొట్టుకుని ఏడ్చాయి. రోడ్డు పట్టాలను దాటే ఇలాంటి లెవెల్ క్రాసింగ్‌లన్నిటినీ ఐదేళ్లలో తీసేయాలని రైల్వే భద్రతపై వేసిన అనిల్ కకోద్కర్ కమిటీ 2012లోనే చెప్పి ఉంది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో కాపలా లేని గేట్లు పూర్తిగా పోయింది 2019 జనవరి 31 నాటికి. వాటిలో చాలా చోట్ల ఇప్పుడు అండర్‌పాస్‌లు వచ్చాయి. వానాకాలంలో నీళ్లు నిలిచి ఊళ్లకు దారి లేకుండా పోతున్న మాట నిజమే. అయినా ఆ ఇబ్బందికి మోటారు పెట్టి నీళ్లు తోడొచ్చు.

కాపలా ఉన్న గేట్లలోనూ ఆ తాళం ఇంకా అన్నిచోట్లా పడలేదు. 2025 జులై 8న తమిళనాడులోని కడలూరు జిల్లా సెమ్మంకుప్పంలో రైలు స్కూలు వ్యాన్‌ను గుద్దితే ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ గేటుకు కాపలా ఉంది, ఇంటర్‌లాకింగ్ లేదు. ఇంటర్‌లాకింగ్‌కు అప్పటిదాకా ఉన్న 20,000 టీవీయూల హద్దును ఆ ప్రమాదం తర్వాతే 10,000కు దించారు.

మీ పిల్లల బడి బస్సు ఏ గేటు మీదుగా పోతోందో చూడండి. దానికి ఇంటర్‌లాకింగ్ ఉందా అని గేట్‌మన్‌నే అడగండి, చెబుతాడు. లేదంటే మీ ఎంపీకి, డివిజనల్ రైల్వే మేనేజర్‌కు ఊరంతా సంతకాలు చేసి అర్జీ పంపండి. ఇంకో ప్రమాదం జరిగేదాకా ఆగకండి.