తోట తలుపునకు తాళము వేయుటకు ముందు

సూరతు నగరమునకు బదిలీపై వచ్చిన తెలుగు కుటుంబమునకు మొదట కావలసినది ఇల్లు. రెండవది పిల్లలకు బడి. మూడవది సాయంకాలము ఇల్లాలును, పిల్లలును, ముసలివారును పోయి కూర్చుండుటకు ఒక పచ్చని చోటు. మొదటి రెండింటి కొరకు మనము దరఖాస్తులు పెట్టుదుము, పదిమందిని విచారింతుము. మూడవదానిని మాత్రము గాలివలె, వెన్నెలవలె ఊరక లభించునదిగా తలంతుము. అందుచేతనే అది చేజారిపోవునప్పుడు మనకు తెలియదు. తెలిసిన నాటికి తలుపునకు తాళము పడియుండును.

ఈ నగరము చరిత్రయే దీనికి నిదర్శనము. సుమారు 1510 ప్రాంతమున మలిక్ గోపి అను సంపన్న వర్తకుడు ఇచ్చట ఒక విశాలమైన తటాకమును నిర్మించెను. ఇటలీ దేశపు యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లె 1623లో సూరతునకు వచ్చినప్పుడు దానిని చూచి తన లేఖలలో వర్ణించెను. కాలక్రమమున ఆ తటాకము నీరు లేక ఎండిపోయి, పేరు మాత్రమే మిగిలినదయ్యెను. శతాబ్దముల పిమ్మట సూరతు నగరపాలక సంస్థ దానిని బాగుచేయించి, చుట్టును విహారస్థలము నేర్పరచి, 2015లో ప్రజలకు తెరచినది. నేడు గోపీ తలావు మెట్లపై ఆడుకొను బిడ్డలకు ఈ కథ తెలియకపోవచ్చును. పెద్దలమైన మనకు తెలియవలసినది ఒకటి కలదు: ప్రజల సొత్తు ఉపేక్షచేత పోవునప్పుడు ఆ పోకకు తేదీ యుండదు. తేదీ లేనిదానిని ఎదుర్కొనుట ఎవరి తరము? కావుననే, మూయదలచిన చోటును మూయుటకు ముందే బహిరంగముగా ప్రకటింపవలెనను నియమము పుట్టినది.

ఉద్యానములు నేడు నగర ప్రణాళికలచేత ఏర్పడుచున్నవి. గుజరాతు రాష్ట్రమున 1976 నాటి నగర ప్రణాళికా చట్టము ప్రకారము ప్రణాళిక ముసాయిదాను ముందుగా ప్రకటించి, ప్రజల సూచనలను, అభ్యంతరములను కోరవలెను. అనగా పటముపై పచ్చరంగు వేయునప్పుడు ప్రజల నడుగుట కలదు. అయితే పటము మారకుండగనే తోట మూతపడుటకు మార్గములు పెక్కు గలవు. మరమ్మతని ఒకనాడు తలుపు మూయుదురు; తోటమాలి పదవీ విరమణచేసిన పిమ్మట ఆ స్థానమున మరియొకరిని వేయరు; పైపు పగిలిన బాగుచేయరు; పచ్చిక ఎండిన పిమ్మట, అచ్చటికి ఎవరును వచ్చుట లేదను కారణముచేత ఆ స్థలమును వేరొక పనికి మళ్లింతురు.

మన తెలుగునాట జరిగిన ఒక వ్యాజ్యము ఈ సందర్భమున స్మరింపదగినది. ప్రభుత్వ సేవలో నున్న మనము దానిని మరింత శ్రద్ధతో స్మరింపవలెను. 1975లో వెలువడిన హైదరాబాదు నగరాభివృద్ధి ప్రణాళికలో కొంత భూమి ప్రజల విహారమునకై ప్రత్యేకింపబడెను. అందు కొంత భాగమును జీవిత బీమా సంస్థయు, ఆదాయపు పన్ను శాఖయు సంపాదించి, తమ ఉద్యోగులకు నివాసగృహములు కట్టింపదలచినవి. నగరమున పన్నులు చెల్లించు పౌరులు కొందరు హైకోర్టు నాశ్రయించిరి. టి. దామోదరరావు పేరిట ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యమున 1987లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ పి. ఏ. చౌదరి తీర్పు చెప్పిరి. ప్రణాళిక ప్రకటింపబడిన పిమ్మట ఆ భూమిని ప్రణాళికకు విరుద్ధముగా వాడుటకు యజమానికైనను హక్కు లేదనియు, రాజ్యాంగము 21వ అధికరణమున ప్రసాదించిన జీవించు హక్కులో ప్రకృతి సంపదల రక్షణము కూడ ఇమిడియున్నదనియు ఆ తీర్పు సారాంశము. ఇండ్ల నిర్మాణము తగదని న్యాయస్థానము శాసించెను.

ఇచ్చట ఒక చిక్కు గలదు. ఉద్యోగికి ఇల్లు కావలెననుట పాపము కాదు. క్వార్టరు కొరకు ఏండ్ల తరబడి జాబితాలో పేరు పెట్టుకొని వేచియున్నవాని కష్టము మనకు తెలియనిది కాదు. ఆ ఇండ్లు కట్టియున్నచో వానిలో మన బంధువులు, స్నేహితులే కాపురముండెడివారేమో! అయినను ఆ ఇండ్లలోని బిడ్డలకు ఆటస్థలమెచ్చట? ప్రణాళికను మార్చుట అవసరమైనచో దానికిని మార్గమున్నది. 1975 నాటి పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టము 12వ సెక్షను ప్రకారము, మార్పునకు ముందు ప్రకటన చేసి అభ్యంతరములను స్వీకరింపవలెను. ఆ దారిన నడచినచో ఇల్లు కావలసినవాడును, తోట కావలసినవాడును ఒకే బల్లకు ఎదురుగా కూర్చుండి మాటలాడుకొందురు. ఆ దారి తప్పినచో కోర్టు మెట్లు మాత్రమే మిగులును.

ప్రకటన చేయుట ఆఫీసులలో జరుగు ఒక తంతు మాత్రమేనని కొందరు తలంతురు. దాని విలువ ఎంతటిదో ఇంగ్లండులోని ష్రూస్‌బరీ పట్టణము తెలుపుచున్నది. అచ్చటి పురపాలకులు 1926లో ప్రజల విహారమునకై సేకరించిన భూమిలో కొంత భాగమును 2017లో ఒక గృహనిర్మాణ సంస్థకు 5 లక్షల 50 వేల పౌనులకు అమ్మిరి. అట్టి భూమిని అమ్ముటకు ముందు స్థానిక పత్రికలో వరుసగా రెండు వారములు ప్రకటన వేసి, వచ్చిన అభ్యంతరములను పరిశీలింపవలెనని ఆ దేశమున 1972 నాటి చట్టము విధించుచున్నది. ఆ ప్రకటన వేయబడలేదు. స్థానికుడొకడు పట్టు విడువక పోరాడగా, 2023 మార్చి 1వ తేదీన ఆ దేశపు సుప్రీంకోర్టు, ప్రకటన లేని విక్రయముచేత ప్రజల హక్కు నశింపదని తేల్చి, నిర్మాణమునకు ఇచ్చిన అనుమతిని కొట్టివేసెను. పత్రికలో రెండుమారులు అచ్చు వేయించుటకు అయ్యెడి ఖర్చు ఎంత? దానిని మానుటచేత పురపాలకులకును, కొన్నవారికిని, పౌరులకును కలిగిన నష్టమెంత?

అయితే ప్రకటన ఒక్కటియే చాలదు. పోషించుటకు ధనము లేదని ప్రభుత్వమే చేతులెత్తినచో ప్రకటన చదివి ఏమి చేయగలము? ఆ ప్రశ్నకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున జరిగినది కొంత సమాధానము చెప్పుచున్నది. 2011లో ఆ రాష్ట్ర ప్రభుత్వము ధనాభావమని చెప్పి, తన 278 ఉద్యానములలో 70 ఉద్యానములను 2012 జూలై 1వ తేదీ నాటికి మూయనున్నట్లు పేర్లతో సహా ప్రకటించెను. గడువు తెలిసినందున ప్రజలు మేల్కొనిరి. లాభాపేక్ష లేని సంఘములు కొన్ని ఉద్యానములను నడుపుటకు అనుమతించు చట్టము అదే సంవత్సరమున వచ్చెను. ప్రఖ్యాత రచయిత జాక్ లండన్ నివసించిన స్థలమున వెలసిన ఉద్యానము ఆ విధముగనే ఒక సంఘము చేతికి వచ్చి, మూతపడక నిలిచెను. విరాళములచేతను, ఒప్పందములచేతను తక్కిన వానిలో కూడ దాదాపు అన్నియు తెరచియే యుండెను.

కథ అంతటితో ముగియలేదు. 2012 జూలైలో, ఆ ఉద్యానముల శాఖ లెక్కలకు ఎక్కక సుమారు 5 కోట్ల 40 లక్షల డాలర్లు దాగియున్నట్లు బయటపడెను. శాఖ అధిపతి రాజీనామా ఇచ్చెను. తోట మూతపడునను భయముచేత విరాళములిచ్చిన జనులు ఎంత నొచ్చుకొనియుందురో ఊహింపవచ్చును. కాబట్టి మూసివేత ప్రకటనలో తేదీతోపాటు లెక్కలు కూడ ఉండవలెను. నిర్వహణకు ఎంత అగుచున్నది, ఎంత తక్కువైనది, ఆ తక్కువను పూరించుటకు ఎవరెవరిని అడిగితిరి అను వివరములు లేని ప్రకటన కేవలము బెదిరింపే యగును.

ఇతరుల చేతికి అప్పగించుటలోను ఒక మెలకువ వలెను. న్యూయార్కులోని సెంట్రల్ పార్కు పాడుపడియున్నప్పుడు 1980లో పౌరులు ఒక సంరక్షణ సంఘము నేర్పరచిరి. దాని ప్రయత్నమున ఆ ఉద్యానము తిరిగి కళకళలాడినది. అయినను భూమి నగరముదే, ప్రవేశము ఉచితమే. నిర్వహణ చేతులు మారవచ్చును గాని హక్కు చేతులు మారరాదు. అప్పగించిన పిమ్మట తలుపువద్ద టిక్కెట్టు పెట్టినచో, తాళము వేయకయే పేదవానికి తోటను మూసినట్లగును.

ఆపద సమయముల మాట వేరు. 2020 మార్చి 25న దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినప్పుడు ఉద్యానములు మూతపడినవి. అప్పుడు అభ్యంతరములకై వేచియుండుట సాధ్యము కాదు, ఎవరును తప్పుపట్టలేదు. అయినను అట్టి మూసివేతకు సైతము పునఃపరిశీలన దినమొకటి ముందే నిర్ణయింపబడుట మేలు. ఆపద తొలగిన పిమ్మటను తాళము తొలగకపోవుట వింత కాదు.

ఇక మన సంగతి. సూరతు పురపాలక సంఘము 1852లో ఏర్పడినది. 1966లో నగరపాలక సంస్థ అయినది. ఆ సంస్థ గుజరాతీతోపాటు తెలుగు మాధ్యమమున కూడ ప్రాథమిక పాఠశాలలు నడుపుచున్నది. నేతపనికై తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబముల బిడ్డలు అందు చదువుకొనుచున్నారు. మన భాషలో అక్షరములు దిద్దించు సంస్థ, తెలుగువారు హెచ్చుగా నున్న వాడలలోని తోట తలుపుపై మన భాషలో కూడ ఒక ప్రకటన అంటించుట అసాధ్యము కాదు. చదువలేని ప్రకటన వేయని ప్రకటనతో సమానము. ఆ మాట అడుగుటకు నేతపని చేయు సోదరునకు తీరిక లేకపోవచ్చును. దరఖాస్తు వ్రాయుట, దానికి జవాబు వచ్చువరకు విడువకుండుట మనకు నిత్యకృత్యము. ఆ నేర్పు వానికి ఉపయోగపడనిండు.

మూడేండ్లకో, నాలుగేండ్లకో బదిలీపై పోవువారము, మనకెందుకీ బాధ యని అనుకొనుట సులభము. కాని మనము ఖాళీ చేసిన ఇంటిలోనికి మరియొక తెలుగు కుటుంబము వచ్చును. వారి పిల్లలు మొదటి సాయంకాలముననే తోట ఎచ్చట అని అడుగుదురు. ఆ ప్రశ్నకు జవాబు మిగిల్చిపోవుట మన విధి.