సుమేరు పొలాలకు చౌడు ఎట్లా పట్టింది?

ఎపిసోడ్‌లో అంకెలు గబగబా చెప్పేశాను. అందుకే ఇక్కడ నిదానంగా రాసి పెడుతున్నా.

కువైట్‌లో ఉండేవాళ్లకు అబ్దలీ తెలిసే ఉంటుంది. ఇరాక్ సరిహద్దు పక్కన తోటలుండే చోటు. అక్కడి బోరు నీళ్లు ఉప్పన. సరిహద్దు దాటి ఇంకా పైకి పోతే నాసిరియా వస్తుంది. దానికి దగ్గర్లోనే ఒకప్పుడు గిర్సు అనే సుమేరు పట్నం ఉండేది. ఏ పొలంలో ఎంత గింజ పండిందో అక్కడి గుమస్తాలు తడి మట్టి పలకల మీద రాసేవాళ్లు.

ఆ పలకలు చదివి 1958లో జాకబ్సన్, ఆడమ్స్ అనే ఇద్దరు పండితులు ఒక లెక్క తేల్చారు. క్రీ.పూ. 2400 ప్రాంతంలో హెక్టారుకు సుమారు 2,537 లీటర్ల గింజలు పండేవి. క్రీ.పూ. 2100 నాటికి అది 1,460కి పడింది. క్రీ.పూ. 1700 నాటికి ఆ దక్షిణ ప్రాంతంలోనే ఇంకోచోట 897 మాత్రమే. అంతకుముందు గోధుమ, బార్లీ దాదాపు సమానంగా వేసేవాళ్లు. తర్వాత గోధుమ తగ్గుతూ తగ్గుతూ మాయమైంది. బార్లీ ఉప్పును తట్టుకుంటుంది, గోధుమ అంత తట్టుకోదు.

కారణం మనకు అర్థం కానిది కాదు. టైగ్రిస్ నుంచి పెద్ద కాలువ తవ్వి నీళ్లు పుష్కలంగా పారించారు. పారిన నీళ్లు బయటికి పోయే దారి లేదు. భూమిలో నీటిమట్టం పైకొచ్చింది. ఎండకు నీళ్లు ఆవిరైపోతే ఉప్పు మిగిలింది. సైట్‌లో తడి గోడ మీద తెల్లగా చౌడు లేస్తుంది చూడండి, పొలంలో జరిగేదీ అదే. దిగుబడి తగ్గడానికి ఉప్పొక్కటే కారణం కాదని వాదించే చరిత్రకారులూ ఉన్నారు. అది కూడా గుర్తుంచుకోవాలి.

గిర్సు గుమస్తాలు పండిన గింజను కొలిచారు గానీ, నీళ్లలో ఉప్పును కొలిచే సాధనం వాళ్లకు లేదు. ఆ పద్ధతిని 1954లో అమెరికాలోని రివర్‌సైడ్ ఉప్పు నేలల ప్రయోగశాల పుస్తకంగా తెచ్చింది. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ కరెంటు బాగా పారుతుంది. దాన్నే ఈసీ అంటారు. 1977లో మాస్, హాఫ్‌మన్ ఏ పంట ఎంత తట్టుకుంటుందో పట్టిక వేశారు. నేల ఈసీ 8 దాకా బార్లీకి ఢోకా లేదు. గోధుమకు హద్దు 6, ఖర్జూరానికి 4, వరికి 3. హద్దు దాటాక ఒక్కో పాయింటుకు బార్లీ దిగుబడి 5 శాతం తగ్గితే, వరి 12 శాతం తగ్గుతుంది. అంటే నేల ఈసీ 6కి చేరితే బార్లీకి ఏమీ కాదు, వరి మాత్రం మూడో వంతుకు పైగా పోతుంది.

మనోళ్లలో చాలామంది ఇక్కడి జీతం ఊర్లో బోరుకు, వరి మడికి పంపుతారు. కాంక్రీటు కలిపే నీళ్లను మనం ముందే ల్యాబ్‌కు పంపుతాం, ఉప్పుంటే లోపల స్టీలు తుప్పు పడుతుందని. పొలానికి పెట్టే నీళ్లనూ అట్లాగే చూడాలి. బోరు పడగానే ఒక సీసా నీళ్లు, కాస్త మట్టి పరీక్షకు ఇవ్వమని ఇంటికి ఫోన్ చేసి చెప్పండి. వచ్చిన కాగితంలో ఈసీ అంకె చూడండి. పొలానికి మురుగు కాలువ ఉందో లేదో కూడా అడగండి. సుమేరులో చౌడు ఒక్క ఏడాదిలో పట్టలేదు. మెల్లగా వచ్చింది కాబట్టే ఆపడం కష్టమైంది.