ఘాజీ విశాఖకు ఎందుకొచ్చింది?

సిద్దిపేట నుంచి సెలవులకు విశాఖపట్నం వెళ్లి, ఆర్.కె. బీచ్‌లో ఒడ్డున నిలిపిన జలాంతర్గామిని ఎక్కి దిగి, ‘ఘాజీని చూసొచ్చాం’ అనుకునేవాళ్లు ఉన్నారు. అది 1971లో విశాఖ ముందు మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కాదు, మన ఐఎన్ఎస్ కుర్సురా. 1969 డిసెంబరు 18న సోవియట్ యూనియన్‌లోని రిగాలో మన నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధానికి ముందు అరేబియా సముద్రంలో గస్తీ తిరిగింది. 2001లో సేవ నుంచి తప్పుకుని మరుసటి ఏడాది మ్యూజియంగా మారింది. ఈ గందరగోళంలో 2017 నాటి ‘ఘాజీ’ సినిమా పాత్ర కూడా ఉంది. అందులో ఘాజీతో నీటి అడుగున తలపడేది ఎస్-21. నిజానికి ఆ సంఖ్య కరంజ్ అనే జలాంతర్గామిది. దాని గస్తీ కూడా అరేబియా సముద్రంలోనే సాగింది. విశాఖ ముందు రెండు జలాంతర్గాముల పోరంటూ ఏదీ జరగలేదు. జరిగినదేమిటో తెలియాలంటే ఘాజీ పుట్టుక నుంచి రావాలి.

అమెరికాలోని పోర్ట్స్‌మత్ యార్డులో తయారైన ఈ టెంచ్ తరగతి జలాంతర్గామికి పెట్టిన పేరు డయాబ్లో. 1945 మార్చి 31న అమెరికా నేవీలో చేరింది. ఆగస్టు 10న పెర్ల్ హార్బర్ నుంచి తొలి యుద్ధ గస్తీకి బయలుదేరింది. దారిలో ఉండగానే జపాన్ లొంగిపోయింది, గువామ్‌కు మళ్లించారు. ఏ యుద్ధం కోసం కట్టారో ఆ యుద్ధంలో ఒక్క టార్పెడో కూడా వదలకుండానే దాని మొదటి అధ్యాయం ముగిసింది.

1964లో పాకిస్తాన్ దాన్ని అమెరికా నుంచి లీజుకు తీసుకుని ఘాజీ అని పేరు మార్చింది. మరుసటి ఏడాది యుద్ధం వచ్చేనాటికి ఉపఖండంలో ఉన్న జలాంతర్గామి ఇదొక్కటే. భారత్ దగ్గర అప్పటికి ఒక్కటీ లేదు. 1965 సెప్టెంబరు 7 రాత్రి పాక్ యుద్ధనౌకలు ద్వారక మీద గుండ్లు కురిపిస్తుంటే, బొంబాయి నుంచి మన పెద్ద నౌకలేవైనా బయటికొస్తే పట్టుకునేందుకు ఘాజీ కాపు కాసింది. ఒక భారత యుద్ధనౌకను కొట్టామని పాకిస్తాన్ ప్రకటించుకుంది. ఆ యుద్ధంలో మన నౌక ఏదీ మునగలేదు. అయినా అది అక్కడ ఉందన్న శంకే మన నౌకాదళాన్ని ఆచితూచి కదిలేలా చేసిందన్న మాట కొట్టివేయలేనిది.

యుద్ధం కారణంగా అమెరికా ఆయుధాలు ఆపేయడంతో విడిభాగాలకు కటకట వచ్చింది. మరమ్మతు కోసం టర్కీకి పంపాల్సి వచ్చింది. సూయజ్ కాలువ మూతపడి ఉన్నందున ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి వెళ్లాల్సిందే. 1970లో తిరిగొచ్చిన ఘాజీ వయసు మళ్లిన నౌక. ఈలోగా పాకిస్తాన్ ఫ్రాన్స్ నుంచి డాఫ్నీ తరగతికి చెందిన మూడు కొత్త జలాంతర్గాములు తెప్పించుకుంది. వాటికి కరాచీ నుంచి శ్రీలంక చుట్టి బంగాళాఖాతం దాకా వచ్చి, అక్కడ గస్తీ తిరిగి వెనక్కి వెళ్లే సత్తువ లేదు. పది నాట్ల వేగంతో పదకొండు వేల నాటికల్ మైళ్లు నడవగల ఘాజీకి మాత్రమే అది సాధ్యం. విమానవాహక నౌక విక్రాంత్ తూర్పు తీరానికి మారిందని తెలిశాక పాక్ నేవీకి మరో దారి లేకపోయింది. తూర్పు పాకిస్తాన్‌లోని చిట్టగాంగ్‌లో మరమ్మతు సదుపాయాల్లేవని తెలిసీ, 1971 నవంబరు 14న కమాండర్ జఫర్ మహమ్మద్ ఖాన్ నాయకత్వంలో ఘాజీని కరాచీ నుంచి పంపారు.

విశాఖలో తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ దగ్గరా ఒక కుంటి గుర్రమే ఉంది. విక్రాంత్ బాయిలర్‌లో పగులు. వేగం తగ్గించుకుని నడవాలి. దాన్ని ఆయన అండమాన్ దీవుల వైపు దాచారు. ఒక రకం కందెన నూనె గురించి చిట్టగాంగ్‌ను వాకబు చేస్తూ పంపిన వైర్‌లెస్ సందేశం మనవాళ్ల చేతికి చిక్కింది. ఆ నూనె వాడేది జలాంతర్గాములు, మైన్ స్వీపర్లే కాబట్టి, ఘాజీ ఇటు వస్తోందని గ్రహించామని కృష్ణన్ తన జ్ఞాపకాల్లో రాశారు. అప్పుడు మొదలైంది నాటకం. విక్రాంత్ విశాఖ దగ్గరే ఉందన్నట్టు పెద్దఎత్తున సరుకులకు ఆర్డర్లు వెళ్లాయి. తల్లి ఆరోగ్యం ఎలా ఉందని విక్రాంత్ నావికుడొకడు అడిగినట్టు ఓ మామూలు టెలిగ్రామ్ సృష్టించారు. సేవ నుంచి తప్పించబోతున్న రాజ్‌పుత్ అనే డిస్ట్రాయర్‌ను సముద్రంలోకి పంపి, విక్రాంత్ పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపించారు. ఆ రాజ్‌పుత్ కూడా బ్రిటన్ రెండో ప్రపంచ యుద్ధంలో వాడిన రోథర్‌హామ్ అనే పాత నౌకే. అంటే ఒకే యుద్ధంలో ఒకే పక్షం కట్టుకున్న రెండు ముసలి నౌకలు పాతికేళ్ల తర్వాత విశాఖ ముందు శత్రువులయ్యాయన్నమాట.

డిసెంబరు 3 అర్ధరాత్రికి కాస్త ముందు లెఫ్టినెంట్ కమాండర్ ఇందర్ సింగ్ నడుపుతున్న రాజ్‌పుత్ హార్బరు దాటింది. కాలువ ముఖద్వారం దగ్గర నీళ్లలో అలజడి కనిపించిందని కాపలా నావికుడు చెప్పగానే ఆయన అటు తిప్పి, నీటి లోతున పేలే బాంబులైన డెప్త్ చార్జీలు రెండు వేయించారు. శిథిలాలేమీ తేలలేదు, నౌక తన దారిన సాగిపోయింది. కొద్ది నిమిషాలకు భారీ పేలుడు ఊరిదాకా వినిపించింది. తర్వాత జాలర్లకు తేలుతున్న వస్తువులు దొరికాయి. నేవీ డైవర్లు దిగి చూస్తే, ముందుభాగం ఛిద్రమైన జలాంతర్గామి అడుగున పడి ఉంది. తొంభైకి పైగా నావికుల్లో ఒక్కరూ మిగల్లేదు.

ఎవరు ముంచారు? రాజ్‌పుత్ డెప్త్ చార్జీలేనన్నది భారత నౌకాదళం మొదటినుంచీ చెబుతున్న మాట. ఘాజీ తాను పరిచిన మైన్ల మీదకే తిరిగొచ్చిందని, లేదా లోపలే ప్రమాదం జరిగిందని పాకిస్తాన్ వైపు వాదన. మూడోది విచిత్రమేమీ కాదు. డీజిల్ జలాంతర్గామిలో బ్యాటరీలు చార్జ్ చేసేటప్పుడు హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది నాలుగు శాతం దాటితే చిన్న నిప్పురవ్వ చాలు, అంటుకోవడానికి. పాతబడ్డ నౌకలో గాలి ఆడే ఏర్పాటు చెడితే ఆ స్థాయి చేరడం ఎంతసేపు? అప్పట్లో సైన్యం తూర్పు కమాండ్‌లో ఉన్న లెఫ్టినెంట్ జనరల్ జాకబ్ కూడా ఇది ప్రమాదమేనని, నేవీకి అప్పటికి సంగతే తెలియదని చివరి ఏళ్లలో బాహాటంగా అన్నారు. రాజ్‌పుత్ దెబ్బకు మైనో టార్పెడోనో పేలి ఉండవచ్చని కలిపి చెప్పేవాళ్లూ ఉన్నారు.

నా మట్టుకు, డెప్త్ చార్జీ వాదన రుజువైందని చెప్పలేను. అది అబద్ధమని చెప్పేంత ఆధారమూ లేదు. ఇంతకన్నా గట్టి నేల మీద నిలబడేది కృష్ణన్ వేసిన ఎత్తు. లేని విక్రాంత్ కోసం ఘాజీ విశాఖ వాకిట్లో తచ్చాడిందంటే ఆ ఘనత నౌకాదళానిదే. పేలుడు ఎలా జరిగినా అది తగ్గదు. ఎవరి బాంబు పేలిందన్న గొడవలో ఈ సంగతి అడుగున పడిపోయింది.

శిథిలాలు ఘాజీవేనని తేలకముందే, డిసెంబరు 4న విక్రాంత్ విమానాలు కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు మొదలుపెట్టాయి. ఘాజీ మునిగిందన్న ప్రకటన 9న వెలువడింది. అదే రాత్రి పశ్చిమాన డయ్యూ తీరానికి అవతల, బంగాళాఖాతానికి రాలేని ఆ డాఫ్నీల్లో ఒకటైన హంగోర్ మన యుద్ధనౌక ఖుక్రీని టార్పెడోతో ముంచింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. తూర్పున మాత్రం ఘాజీ బదులు పంపడానికి పాకిస్తాన్ దగ్గర మరో జలాంతర్గామి లేదు. డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగేదాకా బంగాళాఖాతంలో విక్రాంత్‌కు నీటి కింది నుంచి అడ్డు రాలేదు.