ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నుంచి రాచకొండ దాకా

హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉంది ఇబ్రహీంపట్నం. ఒక్కరోజు విహారానికి ఈ వైపు వచ్చేవారిలో ఎక్కువమంది విజయవాడ రహదారి పట్టి, 1996లో మొదలైన రామోజీ ఫిలింసిటీకో, దారిలో గుట్ట మీద వెలసిన సంఘీ టెంపుల్‌కో వెళతారు. ఆ రెండూ నిన్నమొన్నటివి. సాగర్ రోడ్డు వైపున్న చెరువు, బుగ్గ, కోట శతాబ్దాల నాటివి. వీటిని చూసి వెళ్లేవారు మాత్రం తక్కువ.

ఊరికి పేరిచ్చింది గోల్కొండను 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా. అన్న జంషీద్ గద్దెనెక్కాక ఇతడు ప్రాణభయంతో విజయనగరం చేరి, అళియ రామరాయల ఆశ్రయంలో ఏడేళ్లు గడిపాడు. తెలుగు మీద మక్కువ అక్కడే బలపడిందని చరిత్రకారులు అంటారు. తెలుగు కవులకు ఇతడు మల్కిభరాముడు. అద్దంకి గంగాధరకవి తపతీసంవరణోపాఖ్యానాన్ని ఇతడికే అంకితమిచ్చాడు. కందుకూరి రుద్రకవి ఇతడి చేతుల మీదుగా చింతలపాలెం అగ్రహారం పొందాడు. ఆశ్రయమిచ్చిన రామరాయల మీదికే 1565లో తక్కిన సుల్తానులతో కలిసి యుద్ధానికి వెళ్లినవాడు కూడా ఇతడే.

కవుల పోషణతో పాటు ఇబ్రహీం పేరు నిలిపినవి నీటి పనులు. హుస్సేన్‌సాగర్ ఇతడి కాలంలోనే, హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో తయారైంది. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు కూడా అదే పాలనలోది. నగరం మధ్య పడి హుస్సేన్‌సాగర్ తన ఆయకట్టును పోగొట్టుకుంది. పెద్దచెరువు మాత్రం ఇప్పటికీ చెరువుగానే కనిపిస్తుంది. కట్ట ఎక్కి చూస్తే ఒకవైపు అలలు కోయకుండా పేర్చిన రాతికట్టడం, మరోవైపు పొలాలు. తూము ఎత్తితే నీళ్లు పొలానికి పారాలి, చెరువు నిండితే మిగులు నీరు మత్తడి మీదుగా దుంకాలి. కాకతీయుల నాటి నుంచి తెలంగాణ చెరువులన్నిటిదీ ఇదే పద్ధతి. కుతుబ్‌షాహీలు దాన్ని మార్చలేదు, పెద్ద ఎత్తున కొనసాగించారు.

ఈ చెరువుకు నీళ్లు తేవడానికి నిజాం కాలంలో తవ్వించిన కాలువ ఫిరంగి నాలా. షాబాద్ మండలం చందనవెల్లి దగ్గర మొదలై, శంషాబాద్ మీదుగా, దారి పొడవునా చిన్నచిన్న చెరువులను నింపుతూ ఇబ్రహీంపట్నం దాకా వచ్చేది. వాలును అంచనా వేసి, ఒక చెరువు నిండాకే నీరు తర్వాతి దానికి చేరేలా అంత దూరం నడిపించడం మామూలు పనితనం కాదు. నగరం పెరిగే కొద్దీ ఈ నాలా చాలాచోట్ల పూడిపోయింది, ప్లాట్ల కిందికి పోయింది. పెద్దచెరువు ఏళ్ల తరబడి ఎండి ఉండటానికి వాన కరువొక్కటే కారణం కాదు. ఇటీవలి భారీ వర్షాలకు చెరువు మళ్లీ నిండినప్పుడు జనం తండోపతండాలుగా కట్ట మీదికి వచ్చారు. నాలాను కాపాడుకుని ఉంటే ఆ నీటి కళ అంత అరుదయ్యేది కాదు.

ఇబ్రహీంపట్నం దాటితే మంచాల మండలం. ఆరుట్ల దగ్గర గుట్టల నడుమ బుగ్గ రామలింగేశ్వరస్వామి ఆలయం ఉంది. ఇక్కడి ఊటనీరు తూర్పు నుంచి పడమరకు పారుతుందని, అందులో మునిగితే పుణ్యమని భక్తుల నమ్మకం. కార్తీక పౌర్ణమికి జాతర మొదలవుతుంది. చుట్టుపక్కల మండలాల నుంచి కుటుంబాలు వచ్చి, స్నానం చేసి, దీపాలు వెలిగించి, చెట్ల కింద వంటలు చేసుకుంటాయి.

మరికొంత తూర్పుకు వెళితే రాచకొండ. 2016లో ఏర్పడిన పోలీసు కమిషనరేట్ వల్ల ఈ పేరు చాలామందికి తెలిసింది గాని, కోటను చూసినవారు కొద్దిమందే. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఎదిగిన రేచర్ల పద్మనాయకుల్లో అనపోతానాయకుడు రాజధానిని ఆమనగల్లు నుంచి ఇక్కడికి మార్చాడు. తమ్ముడు మాదానాయకుడు దేవరకొండ నుంచి ఏలాడు. అనపోతుడి వంశంలోని సర్వజ్ఞ సింగభూపాలుడు నాట్యశాస్త్ర గ్రంథం రసార్ణవసుధాకరం కర్తగా ప్రసిద్ధుడు. 15వ శతాబ్దంలో కోట బహమనీల వశమైంది.

కోటగోడల్లో సున్నం కనిపించదు. పెద్దపెద్ద బండలను ఒకదాని మీద ఒకటి కుదురుగా పేర్చారు. ద్వారాలకు కమాను లేదు: నిలువుగా రెండు రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం, అంతే. ఓరుగల్లు కట్టుబడి పద్ధతి ఇక్కడ మరో తరానికి చేరిందనడానికి ఇంతకంటే స్పష్టమైన గుర్తు అక్కర్లేదు. పైకి వెళ్లే దారంతా రాతిమెట్లు, ముళ్లచెట్లు. కోటలో హోటల్ గాని, నీళ్ల సీసా అమ్మే కొట్టు గాని ఉండవు కాబట్టి తిండి, నీళ్లు వెంట తీసుకెళ్లాలి. ఎండాకాలం బండలు కాలిపోతాయి. వానలు వెనకపట్టాక, కార్తీకంలో బయల్దేరితే ఒకే రోజున బుగ్గ జాతర, కోట రెండూ చూడొచ్చు.