పాచికలు లేని యుద్ధం

1945వ సంవత్సరం. రెండో ప్రపంచయుద్ధం ముగింపుకొచ్చింది. అమెరికాలో షికాగో పక్కనున్న లా గ్రాంజ్ పార్క్ అనే చిన్న ఊళ్ళో ఆలన్ కాలమర్ అనే పదమూడేళ్ళ కుర్రాడు లైఫ్ పత్రికలో ఒక వ్యాసం చదివాడు. అది అప్పటి యుద్ధం గురించి రాసింది కాదు. అంతకు నూట ముప్ఫై ఏళ్ళ కిందట నెపోలియన్‌ని గద్దె దించాక యూరప్ రాజ్యాలన్నీ వియన్నాలో చేరి, ఎవరి హద్దు ఎక్కడిదాకానో నెలల తరబడి బేరమాడుకున్న మహాసభ గురించి.

ఆ సభ కథ ఎవరు చదివినా నోరు వెళ్ళబెట్టాల్సిందే. ఓడిన ఫ్రాన్స్ తరఫున వచ్చిన టాలీరాండ్‌ను మొదట్లో ముఖ్యమైన చర్చలకు పిలవనే లేదు. కొద్ది నెలలు గడిచాయి. గెలిచినవాళ్ళలో వాళ్ళకు వాళ్ళకే చెడింది. 1815 జనవరి 3న అదే టాలీరాండ్, నిన్నటిదాకా తన దేశం మీద యుద్ధం చేసిన ఆస్ట్రియా, బ్రిటన్‌లతో కలిసి, రష్యా, ప్రష్యాలకు ఎదురుగా ఒక రహస్య ఒప్పందం మీద సంతకం చేశాడు.

కుర్రాడికి ఇందులో కుట్ర కంటే ఎక్కువగా కనిపించింది సమతూకం. కొత్తగా పుట్టిన ఐక్యరాజ్యసమితి మీద లోకం ఆశలు పెట్టుకున్న రోజులవి. అతనికి మాత్రం మరో దారి తోచింది. ఇంచుమించు సమానబలం ఉన్న రాజ్యాలు నాలుగైదు ఉంటే, ఏ ఒక్కటీ మరీ పెరిగిపోకుండా మిగతావి కాపు కాస్తాయి, ఆ భయంతోనే శాంతి నిలుస్తుందని అనుకున్నాడు. స్నేహితుల మధ్య తగవులు పెట్టడంలో ఇంతకు మించింది లేదని పేరుపడ్డ ‘డిప్లొమసీ’ అనే బోర్డు ఆట, శాంతి కోసం ఒక బాలుడు చేసిన ఆలోచనలోంచి మొలకెత్తిందంటే ఇప్పటికీ చాలామంది నమ్మరు.

ఆ వయసులోనే ఇంటి అటక మీద అతనికి పాత భూగోళం పుస్తకం ఒకటి దొరికింది. అందులోని యూరప్ పటం మొదటి ప్రపంచయుద్ధానికి ముందుది. బడిలో చూసే పటంలో లేని రాజ్యాలు అందులో ఉన్నాయి. నడిబొడ్డున ఆస్ట్రియా-హంగరీ, ఆగ్నేయమూలన ఆటోమాన్ సామ్రాజ్యం. అంతంత రాజ్యాలు ఏమైపోయాయి? ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు.

చదరంగం అతనికి ఇష్టమే. కానీ చదరంగంలో ఉండేది ఇద్దరు. ఇద్దరే ఉన్నచోట పొత్తుకు తావు లేదు, కాబట్టి ద్రోహానికీ తావు లేదు. పేకాటలో హార్ట్స్ అని ఒకటుంది. ఆఠీను ముక్కలు, ఇస్పేటు రాణి ఎవరి చేతిలో పడితే వాళ్ళకు దెబ్బ. అందులో ఒకడు గెలుపు అంచుకు చేరితే మిగతావాళ్ళు కలిసి వాడిని వెనక్కి లాగాలి. తీరా చూస్తే, ఆడుతుండగా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వీల్లేదు. మాట్లాడుకోనిస్తే ఎలా ఉంటుంది? బేరాలు ఆడుకోనిస్తే? అసలు ఆ బేరాలనే ఆటగా మారిస్తే?

అనుకోవడం సులువు, దాన్ని ఆటగా కట్టడం కష్టం. ఎవరు తలపెట్టినా మూడు చిక్కులు అడ్డొస్తాయి. మొదటిది వంతు. ఒకరి తర్వాత ఒకరు ఎత్తు వేస్తే, చివరివాడు అందరి ఎత్తులూ చూసి తనది వేస్తాడు. రెండోది పాచికలు. పాచిక పడితే గెలుపు అదృష్టానిదవుతుంది. ఎవరి మాట నమ్మాను, ఎవరు మాట తప్పారు అనే లెక్క పక్కకు పోతుంది. మూడోది అన్నిటికన్నా మొండిది. ఎవరి పావులు వాళ్ళు నడుపుకునే ఆటలో పక్కవాడి సాయం ఎందుకు? ఎంత తీయగా మాట్లాడుకున్నా, ఆ మాటలకు బోర్డు మీద బరువు లేకపోతే అవి ఉత్త కబుర్లే.

ఆ చిక్కుముడి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విడింది. చరిత్ర విద్యార్థిగా కాలమర్ అక్కడ సిడ్నీ ఫే అనే ఆచార్యుడి దగ్గర పందొమ్మిదో శతాబ్దపు యూరప్ చరిత్ర చదివాడు. మొదటి ప్రపంచయుద్ధం ఎలా పుట్టిందో వివరిస్తూ 1928లో ఫే పెద్ద గ్రంథం వెలువరించాడు. యుద్ధానికి తప్పంతా జర్మనీదే అన్నది అప్పట్లో చాలామంది మాట. ఫే ఒప్పుకోలేదు. దౌత్యవేత్తలు ఎవరెవరితో ఏమేం మాట్లాడుకున్నారో పత్రాలు తవ్వి తీసి, ఈ పాపంలో అందరికీ వాటా ఉందన్నాడు.

ఆ కాలపు చరిత్రంతా కాలమర్‌కి కావలసిన సరుకే. జర్మనీ చాన్సలర్ బిస్మార్క్ ఆస్ట్రియాతో స్నేహంగా ఉంటూనే, 1887లో ఆస్ట్రియాకు తెలియకుండా రష్యాతో రహస్య ఒడంబడిక చేసుకున్నాడు. ఇటలీ పేరుకు జర్మనీ, ఆస్ట్రియాల కూటమిలోనే ఉంది. 1902లో గుట్టుగా ఫ్రాన్స్‌కు హామీ ఇచ్చింది, 1915లో ఏకంగా అవతలి పక్షాన యుద్ధంలోకి దిగింది. సంతకాల తడి ఆరకముందే మనసులు మారిన కథలివి. ఇంతకీ వీళ్ళలో ఎవరూ మతి చెడి అలా చేయలేదు. ఎవరి లెక్క వాళ్ళకుంది, ఆ లెక్క ఎదుటివాడికి తెలియదు.

1953లో పట్టా చేతికొచ్చింది. ఆ తర్వాత కాలమర్ హార్వర్డ్‌లోనే న్యాయశాస్త్రంలో చేరాడు. ఆ చదువు పూర్తికాలేదు. ఆట మాత్రం పూర్తయింది. 1954 నాటికి దానికి ఒక రూపం వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవైరెండేళ్ళు.

బోర్డు మీద 1901 నాటి యూరప్ పటం. ఇంగ్లండ్, ఫ్రాన్స్, జర్మనీ, ఇటలీ, ఆస్ట్రియా-హంగరీ, రష్యా, టర్కీ, మొత్తం ఏడు రాజ్యాలు, ఏడుగురు ఆటగాళ్ళు. రష్యాకు నాలుగు పావులు, మిగతావాళ్ళకు తలా మూడు. పావుల్లో రెండే రకాలు, సైన్యం, నౌకాదళం. పటంలో 34 సరఫరా కేంద్రాలు ఉంటాయి. ఎన్ని కేంద్రాలు చేతిలో ఉంటే అన్ని పావులు పోషించుకోవచ్చు. 18 కేంద్రాలు పట్టినవాడిదే గెలుపు. పాచికలు లేవు, పేకలు లేవు.

వంతుల చిక్కును కాలమర్ ఒక్క దెబ్బతో తీసేశాడు. అసలు వంతులే లేవు. కాసేపు అందరూ లేచి, ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా మూలల్లో చేరి గుసగుసలాడుకుంటారు. ఆ తర్వాత ప్రతివాడూ తన పావులకు ఆజ్ఞలు కాగితం మీద రహస్యంగా రాస్తాడు. కాగితాలన్నీ ఒకేసారి విప్పుతారు. అన్ని పావులూ ఒకేసారి కదులుతాయి.

మూడో చిక్కుకు ఆయన కనిపెట్టిన విరుగుడు నా దృష్టిలో ఈ ఆటకే ప్రాణం. పావులన్నిటికీ సమానబలం. ఒక ప్రాంతంలో ఒక్క పావే ఉండాలి. ఒకటి మరొకటి మీద పడితే ఏమీ జరగదు, వచ్చింది వచ్చినట్టే వెనక్కి పోతుంది. గెలవాలంటే పక్కనున్న మరో పావు తాను కదలకుండా మద్దతు ఇవ్వాలి. అప్పుడు ఒకటి రెండవుతుంది, రెండు ఒకటిని గెంటేస్తుంది. కిటుకంతా ఇక్కడే ఉంది. ఆ మద్దతిచ్చే పావు నీదే కానక్కర్లేదు, పొరుగు రాజ్యానిదైనా చెల్లుతుంది. మూడు పావులతో ఎవడూ ఎవడినీ ఓడించలేడు కనక, పొరుగువాడి గుమ్మం తొక్కక తప్పదు. వాడు ‘సరే, మద్దతు రాస్తాను’ అంటాడు. కాగితం మీద వాడు నిజంగా ఏం రాశాడో విప్పేదాకా తెలియదు.

మొదటి ఎత్తులోనే దీని రుచి తెలుస్తుంది. ఆస్ట్రియా సైన్యాలు వియన్నాలో, బుడాపెస్ట్‌లో ఉంటాయి. రష్యా సైన్యం ఒకటి వార్సాలో ఉంటుంది. మధ్యలో గలీషియా అనే ప్రాంతం ఖాళీగా పడివుంటుంది. రష్యావాడు అక్కడ కాలుపెడితే వియన్నా, బుడాపెస్ట్‌లు రెంటికీ ఒకేసారి ముప్పు. అందుకని ఇద్దరూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడుకుంటారు.

“గలీషియాలోకి నువ్వు రాకు, నేనూ రాను.”

“సరే, ఒట్టు.”

కాగితాలు విప్పారు. ఇద్దరూ మాట నిలబెట్టుకుంటే గలీషియా ఖాళీగానే ఉంటుంది. ఇద్దరూ మాట తప్పినా, రెండు సైన్యాలు ఢీకొని వెనక్కి పోతాయి కనక అది ఖాళీగానే ఉంటుంది. బోర్డు మీద తేడా ఏమీ లేదు, ఒకరి మొహం ఒకరు చూసుకోవడంలోనే తేడా. ఒక్కడే మాట తప్పితే మాత్రం, నమ్మినవాడి కొంప ఆ ఎత్తులోనే మునుగుతుంది.

ద్రోహం చేయమని నియమావళి ఎక్కడా చెప్పలేదు. ఆటగాళ్ళ మాటలకు కట్టుబాటు లేదని మాత్రమే చెప్పింది. కాలమర్ చేసిందల్లా అంతే, మిగతాది మనుషులు చేశారు. పొరుగువాడు శత్రువు, ఆ పొరుగువాడికి అవతలివాడు మిత్రుడు అని కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ఏనాడో లెక్క కట్టాడు. ఈ పటం మీద ఫ్రాన్స్, జర్మనీ, రష్యాలను చూసినా అదే వరస. కాకపోతే ఇక్కడ మిత్రుడెవరో శత్రువెవరో ఆర్నెల్లకోసారి తిరగరాసుకోవాలి. ఆటలో ఒక్కో ఎత్తు ఒక్కో అర్ధసంవత్సరం.

నాలుగేళ్ళపాటు, 1958 దాకా, ఆడించి చూస్తూ నిబంధనలకు సానపట్టాడు. ఏడుగురిని ఒకచోట చేర్చి పూటంతా కూర్చోబెట్టడమే ఒక దౌత్యం. ఆ పైన పెద్ద ఆటల కంపెనీల గడప తొక్కాడు. వద్దన్నారు. వాళ్ళను మరీ తప్పుపట్టలేం. ఏడుగురు దొరకాలి, గంటలకు గంటలు పడుతుంది, పాచికలు లేవు, పైగా ఆట ముగిశాక నలుగురైనా మొహాలు ముడుచుకుని ఇంటికెళతారు. పండగ పూట పిల్లలకు కొనిపెట్టే సరుకైతే కాదు.

1959లో సొంత డబ్బుతో 500 పెట్టెలు తయారుచేయించాడు. అవి అమ్ముడయ్యాయి. 1960ల మొదట్లో గేమ్స్ రీసెర్చ్ అనే చిన్న సంస్థ ఆటను చేతికి తీసుకుంది. ‘డిప్లొమసీ’ దుకాణాల్లోకి వచ్చింది. ఈ ఆట పుణ్యమా అని కాలమర్‌కి సిల్వేనియా సంస్థ పరిశోధనశాలలో ఉద్యోగం కూడా దొరికింది. జాన్ కెనడీకి, హెన్రీ కిసింజర్‌కు ఈ ఆటంటే ఇష్టమని చెబుతారు. కిసింజర్ సంగతి విని ఆశ్చర్యపోయేవాళ్ళు ఉండరనుకుంటాను.

అయినా ఏడుగురిని కూడగట్టే బాధ తీరలేదు. 1963లో జాన్ బోర్డ్‌మన్ అనే భౌతికశాస్త్ర అధ్యాపకుడు దానికో ఉపాయం పట్టాడు. గుసగుసలు ఉత్తరాల్లో నడుపుకోవచ్చు, ఆజ్ఞలు మధ్యవర్తికి టపాలో పంపవచ్చు. సైన్స్ ఫిక్షన్ అభిమానులు చేరారు. బోర్డ్‌మన్ ‘గ్రౌస్టార్క్’ పేరుతో చిన్న పత్రిక పెట్టి ఫలితాలు అచ్చువేశాడు. ఎదురుగా కూర్చుని అబద్ధమాడితే కళ్ళు పట్టిస్తాయి, ఉత్తరంలో ఆ భయం లేదు. తీరుబడిగా, చక్కని దస్తూరీతో వెన్నుపోటు పొడవచ్చు. అలాంటి పత్రికలు తర్వాత పదుల కొద్దీ పుట్టాయి.

కాలమర్ జీవితం వేరే బాటన సాగింది. పరిశోధనశాల ఉద్యోగం వదిలేశాడు. కొన్నాళ్ళు న్యూయార్క్ రేవులో స్వేచ్ఛాప్రతిమ దగ్గర పార్కు ఉద్యోగిగా ఉన్నాడు. చివరకు సొంతూరు చేరి పోస్ట్‌మన్ అయ్యాడు. అమెరికా అంతటా జనం ఆయన ఆటను టపాలో ఆడుకుంటుంటే, ఆయన లా గ్రాంజ్ పార్క్ వీధుల్లో ఇంటింటికీ టపా పంచాడు. సుమారు ఇరవై ఏళ్ళు అదే పని చేసి 1990ల మొదట్లో విరమించాడు. ఆట వల్ల ధనవంతుడు కాలేదు. 2013 ఫిబ్రవరిలో, 81 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు.

ఆయన పోయిన తొమ్మిదేళ్ళకు మెటా సంస్థ పరిశోధకులు ఈ ఆటకు ఒక యంత్రాన్ని తయారుచేశారు. పేరు సిసెరో. చదరంగంలో కంప్యూటర్ మనిషిని ఎప్పుడో ఓడించింది. ఇక్కడ ఎత్తులు లెక్కకడితే చాలదు, మనుషులతో కబుర్లు చెప్పి నమ్మించాలి. 2022లో అది ఇంటర్నెట్‌లో 40 ఆటలు ఆడింది. ఒకటికి మించి ఆటలాడినవాళ్ళలో మొదటి పది శాతంలో నిలిచింది. దాన్ని వీలైనంతవరకు నిజాయితీగా ఉండేలా తీర్చిదిద్దామని తయారుచేసినవాళ్ళు చెప్పారు. అదేమీ అమాయకత్వం కాదు. ప్రతిసారీ మాట తప్పేవాడికి మూడో ఏడు వచ్చేసరికి పలికే దిక్కుండదని ఈ ఆట బాగా ఆడేవాళ్ళందరికీ తెలుసు.

2024లో మరికొందరు పరిశోధకులు సిసెరో సంభాషణలను తిరగేశారు. ఒక ఆటలో దానిది ఫ్రాన్స్ పక్షం. ముందు జర్మనీతో కూడబలుక్కుని ఉత్తర సముద్రం మీద దాడికి ఒప్పందం చేసుకుంది. ఆ వెంటనే ఇంగ్లండ్‌తో, ఉత్తర సముద్రంలోకి ఎవరొచ్చినా నీకు అండగా ఉంటానని చెప్పింది. ఇంగ్లండ్ నమ్మింది. సిసెరో మళ్ళీ జర్మనీ దగ్గరికెళ్ళి, నేను సిద్ధం అంది.