వితండకు ఒక ఉదాహరణ – 1846 జూన్ 25 రాత్రి

బడిలో పాఠం చెబుతున్న రోజులలో "వితండవాదం" అన్న మాట వచ్చినప్పుడల్లా న్యాయశాస్త్రంలోని మూడు కథాభేదాలను పిల్లలకు చెప్పడం నాకు అలవాటు. తత్త్వం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తన పక్షమంటూ ఏదీ నిలబెట్టకుండా ఎదుటివాని పక్షాన్ని పడగొట్టడానికే చేసేది వితండ. ఒకనాడు వెనుక బల్ల మీది కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ, మూడూ ఒక్కచోటే కనబడే ఉదాహరణ చెప్పండి" అన్నాడు. నాకు తోచలేదు. అత్తాకోడళ్ళ తగవు ఏదో చెప్పి, నవ్వించి, తప్పించుకున్నాను. ఉద్యోగ విరమణ తరువాత ఆంగ్లదేశ చరిత్ర తీరికగా చదువుతూ ఉండగా ఆ ఉదాహరణ దొరికింది. ఆ కుర్రవాడు ఇప్పుడెక్కడున్నాడో తెలియదు. అందుచేత మీకు చెబుతున్నాను.

కథ అర్థం కావాలంటే ముందు ధాన్య చట్టాల సంగతి తెలియాలి. నెపోలియను యుద్ధాలు ముగిసిన 1815లో బ్రిటిషు పార్లమెంటు ఒక చట్టం చేసింది. స్వదేశంలో గోధుమ ధర ఒక స్థాయికి చేరేదాకా విదేశీ గోధుమను అమ్మకానికి రానీయకూడదన్నది దాని సారం. తరువాత దానిని ధరనుబట్టి హెచ్చుతగ్గులయ్యే సుంకంగా మార్చారు. పొలాలున్న భూస్వాములకు లాభం, రొట్టె కొనుక్కునే కూలివానికి భారం. మాంచెస్టరులో రిచర్డ్ కాబ్డెన్, జాన్ బ్రైట్ ప్రభృతులు ఈ చట్టాల రద్దు కోసం పెద్ద ఉద్యమమే నడిపారు.

1841 ఎన్నికలలో కన్సర్వేటివ్ పక్షం గెలిచి సర్ రాబర్ట్ పీల్ ప్రధాని అయ్యాడు. ఆ పక్షానికి వెన్నెముక భూస్వాములే. ధాన్య చట్టాలను కాపాడతాడనే వారు ఆయన వెనుక నిలిచారు. ఆయన మనస్సు మాత్రం లెక్కలు చూసినకొద్దీ కాబ్డెన్ వాదం వైపు మొగ్గుతూ వచ్చింది. ఇంతలో 1845 శరదృతువులో ఐర్లండులో బంగాళాదుంపకు తెగులు తగిలింది. అక్కడి బీదవానికి ఆ దుంపే అన్నం, అదే కూర. పీల్ రహస్యంగా అమెరికా నుండి లక్ష పౌన్ల విలువగల మొక్కజొన్న తెప్పించాడు. ధాన్య చట్టాలు పోవలసిందేనని మంత్రివర్గానికి చెప్పాడు. మంత్రులు ఏకీభవించకపోవడంతో డిసెంబరులో రాజీనామా ఇచ్చాడు. ప్రతిపక్షమైన విగ్గుల నాయకుడు లార్డ్ జాన్ రస్సెల్ మంత్రివర్గం ఏర్పరచబోయి, తనవారిలో తనవారికే పొసగక, చేతులెత్తేశాడు. పీల్ మళ్ళీ వచ్చాడు. 1846 జనవరిలో రద్దు ప్రతిపాదనను కామన్స్ సభ ముందుంచాడు.

ఇక్కడ మన కథలోని రెండవ పాత్ర ప్రవేశిస్తుంది. బెంజమిన్ డిజ్రేలీ అప్పటికి వెనుక వరుసలో కూర్చునే కన్సర్వేటివ్ సభ్యుడు. నవలలు వ్రాసేవాడు, మాట వాడిగలవాడు. విగ్గులు స్నానానికి దిగితే పీల్ వారి బట్టలు ఎత్తుకుపోయాడని అంతకు ముందే సభలో ఎగతాళి చేసి నవ్వించాడు. పూర్తిగా అన్యాయపు మాట అనలేము. ఎదుటి పక్షం విధానాన్ని పీల్ తన విధానంగా చేసుకున్న మాట నిజమే కదా! డిజ్రేలీ వాదంలో బలం ఉంది కూడా. ఒక సూత్రం కోసం జనం ఓటు వేస్తే నాయకుడు ఆ సూత్రాన్ని వదిలేశాడు. అలాంటప్పుడు పక్షాలెందుకు, ఎన్నికలెందుకు, మాట నమ్మడమెందుకు? ఈ ప్రశ్నకు పీల్ దగ్గర సంపూర్ణమైన సమాధానం లేదు. దేశానికి ఏది మేలో అది చేయడమే మంత్రి ధర్మమన్నాడు. ఎవరిది ఒప్పు అన్నది ఈనాటికీ తెగని చర్చే. అదంతా వాదమే, చెరిగిపోని వాదం.

కాని వాదం ఎక్కడ జారి జల్పమవుతుందో చూడండి. మే 15న మూడవ పఠనం నాడు పీల్ ఓపిక నశించి, నన్ను ఇంత హీనంగా భావించేవారు 1841లో నా కింద పదవికి ఎందుకు సిద్ధపడ్డారని డిజ్రేలీని అడిగాడు. డిజ్రేలీ లేచి, తాను పదవి కోరనే లేదని నిండు సభలో చెప్పాడు. అది అబద్ధం. కోరుతూ వ్రాసిన ఉత్తరం పీల్ కాగితాలలో ఉండనే ఉంది. పీల్ దానిని బయటపెట్టలేదు. ఒక్క కాగితంతో ఎదుటివాని రాజకీయ జీవితం ముగించగల అవకాశం చేతిలో ఉండీ వదులుకున్నాడు. ఎందుకు వదులుకున్నాడన్నదానిపై చరిత్రకారులు రకరకాలుగా ఊహిస్తారు. నాకు మాత్రం, సొంత ఉత్తరాలను సభలో ఆయుధం చేయడం ఆయనకు సహించి ఉండదనిపిస్తుంది. ఆ రాత్రి రద్దు బిల్లు 327–229 ఓట్లతో నెగ్గింది. అనుకూలంగా పడినవాటిలో ఎక్కువ విగ్గుల ఓట్లు. సొంత పక్షంలో మూడింట రెండు వంతులు పీల్‌కు ఎదురు తిరిగారు.

ఆ తిరుగుబాటుకు పైకి కనిపించే నాయకుడు లార్డ్ జార్జ్ బెంటింక్. మనం పాఠ్యపుస్తకాలలో సతీసహగమన నిషేధం దగ్గర చదువుకున్న విలియం బెంటింక్‌కు ఈయన అన్న కొడుకు. పద్దెనిమిదేళ్ళు సభ్యుడిగా ఉండి నోరు మెదపని మనిషి. గుర్రప్పందేలే లోకం. పీల్ మోసం చేశాడన్న కోపంతో తన పందెపు గుర్రాలన్నిటినీ అమ్మేసి రాజకీయాలలోకి దూకాడు. నిజాయితీ గల కోపమే. అయితే కోపానికి లక్ష్యం మారిపోయింది. ధాన్య చట్టాలు ఎలాగూ దక్కవని తేలిన తరువాత మిగిలింది ఒక్కటే, పీల్‌ను దింపడం.

అందుకు దొరికిన ఆయుధం ఐర్లండే. అక్కడ హత్యలు, దౌర్జన్యాలు పెరిగాయని ప్రభుత్వం ఒక కఠినమైన బిల్లు తెచ్చింది. ప్రకటిత ప్రాంతాలలో రాత్రి వేళ ఇల్లు కదిలితే శిక్ష. ప్రభువుల సభ దానిని ఆమోదించింది. కామన్స్ సభలో మొదటి పఠనానికి బెంటింక్ మద్దతు ఇచ్చాడు. భూస్వాముల పక్షానికి అటువంటి చట్టమంటే ఇష్టమే గాని అయిష్టం లేదు. జూన్ నెల వచ్చేసరికి ఆయన స్వరం మారింది. ప్రభుత్వం ఇంత ఆలస్యం చేసిందంటే ఈ బిల్లు అంత అవసరమైనది కాదన్నమాట, కనుక వ్యతిరేకిస్తామన్నాడు. అంతటితో ఆగక, జూన్ 8న ఇరవై ఏళ్ళనాటి పాత పగను త్రవ్వాడు. తన బంధువైన కానింగ్ అనే పూర్వ ప్రధానిని పీల్ వెంటాడి చంపాడన్నంత మాట అన్నాడు. ఐర్లండులో ప్రజల తిండి గురించి, ప్రాణాల గురించి మాట్లాడవలసిన సభ 1827 నాటి తగవులో రోజులు గడిపింది.

జూన్ 25 రాత్రి. ప్రభువుల సభలో ధాన్య చట్టాల రద్దు చివరి మెట్టు దాటింది. అదే రాత్రి కామన్స్ సభలో ఐర్లండు బిల్లు మీద ఓటింగు జరిగింది. బ్రిటిషు పద్ధతిలో సభ్యులు లేచి, అనుకూలురు ఒక వసారాలోకి, ప్రతికూలురు మరొక వసారాలోకి నడిచి వెళ్ళి లెక్కకు నిలబడతారు. ప్రతికూలుర వసారా నుండి 292 మంది వచ్చారు, అనుకూలుర వైపు 219 మంది. 73 ఓట్ల తేడాతో ప్రభుత్వం ఓడిపోయింది. నాలుగు రోజులకు, జూన్ 29న పీల్ రాజీనామా ప్రకటించాడు.

ఆ 292 మంది నడిచిన వసారాలోనే నా శిష్యుడు అడిగిన ఉదాహరణ ఉంది. ముగ్గురు మూడు కారణాలతో ఒకే తలుపులో నుండి వచ్చారు.

మొదటివారు డేనియల్ ఓకానెల్ వెంట ఉన్న ఐర్లండు సభ్యులు. ఆకలితో ఉన్నవానికి అన్నం పంపండి, సంకెళ్ళు పంపకండి అన్నది వారి మాట. మొదటినుండీ అదే చెప్పారు, చివరకు అలాగే ఓటు వేశారు. ఇది వాదం.

రెండవవారు రస్సెల్ వెంట ఉన్న విగ్గులు. వారికి పీల్ పోతే పదవి వస్తుంది. ఐర్లండు పేరు చెప్పి పీల్‌ను దింపడం వారికి కొత్త కూడా కాదు. 1835లో ఐరిష్ చర్చి ఆదాయంలో మిగులును ఇతర ప్రజోపయోగాలకు వాడాలన్న తీర్మానం మీదనే ఆయన మొదటి ప్రభుత్వాన్ని ఓడించారు. గద్దె ఎక్కి, మూడేళ్ళకు 1838లో, ఆ షరతును విడిచిపెట్టారు. ఈసారీ అంతే. రాత్రి వేళ ఇల్లు కదలరాదన్న చట్టం దుర్మార్గమని పీల్‌ను దింపిన రస్సెల్ ప్రభుత్వం, 1847 డిసెంబరులో ఐర్లండు మీద తానే ఒక నిర్బంధ చట్టం తెచ్చింది. ఇది జల్పం. గెలుపే ప్రయోజనం.

మూడవవారు బెంటింక్, డిజ్రేలీలు, వారి వెంట నడిచిన సుమారు 70 మంది. వీరికి బిల్లు అంటే ద్వేషం లేదు. పదవి వస్తుందన్న ఆశ కూడా లేదు. పీల్ పోతే వచ్చేది ధాన్య చట్టాల రద్దును మనసారా కోరే విగ్గులేనని వారికి తెలుసు. నిలబెట్టడానికి పక్షమంటూ లేదు, పడగొట్టడమే ఉంది. ఇది వితండ. వారి తోటి రక్షణవాదులలో వందకు పైగా మాత్రం, పీల్ మీద ఎంత కసి ఉన్నా, మనస్సాక్షికి కట్టుబడి బిల్లుకే ఓటు వేశారు. ఆ సంగతి మరచిపోకూడదు.

మరి నష్టపోయింది ఎవరు? పీల్ అనుకుంటాం. ఆయన పదవి పోయింది, నాలుగేళ్ళకు 1850 జులైలో గుర్రం మీద నుండి పడి మరణించాడు. కాని ఆ నాలుగేళ్ళూ తనను దింపిన రస్సెల్‌నే చాలాసార్లు ఆదుకున్నాడు. ఆయన పక్షం చీలిపోయింది. మళ్ళీ కామన్స్ సభలో కన్సర్వేటివులకు సొంత మెజారిటీ 1874లో గాని రాలేదు. డిజ్రేలీ పోరాడిన ధాన్య సుంకం మాటను 1852 నాటికి డిజ్రేలీయే వదిలేశాడు. ఇవన్నీ చిన్న నష్టాలు.

పెద్ద నష్టం ఆ సభలో కూర్చోనివారిది. 1846లో ఐర్లండు దుంప పంట దాదాపు మొత్తం పోయింది. కొత్త ప్రభుత్వం అనుభవం లేకుండా, వ్యాపారంలో జోక్యం చేసుకోరాదన్న సిద్ధాంతంతో దానిని ఎదుర్కొంది. ఖజానా శాఖలో సహాయ వ్యవహారాలన్నీ చార్లెస్ ట్రెవెల్యన్ చేతిమీదుగా నడిచాయి. ఆయనే 1859లో మన మద్రాసుకు గవర్నరుగా వచ్చాడు. 1847 వేసవిలో గంజి కేంద్రాల ద్వారా రోజుకు 30 లక్షల మందికి తిండి పెట్టగలిగారు. అంటే చేయదలిస్తే చేయగలరు. ఆ శరత్తుకల్లా వాటిని మూసేశారు. కరువు ముగిసేసరికి సుమారు 10 లక్షల మంది చనిపోయారు, అంతకు తక్కువ కాకుండా ఓడలెక్కి దేశం విడిచారు. పీల్ ఉండి ఉంటే ఇదంతా ఆగేదని నేననను. అలా అనడానికి ఆధారం లేదు. ఐర్లండు ఆకలి లండను సభలో ఒక సమస్యగా గాక ఒక రాయిగా వాడబడిందని మాత్రం అంటాను. రాయి ఎవరి చేతిలో ఉన్నా, దానికి తన బాధ చెప్పుకునే నోరు లేదు.

ఈ కథకు మన గడపలో ఒక తోక ఉంది. 1874లో మెజారిటీతో ప్రధాని అయిన డిజ్రేలీ హయాములోనే, 1876లో, మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే మహాక్షామం బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చివేసింది. ఆ 1876లోనే రాణికి చక్రవర్తిని బిరుదు ఇవ్వాలా వద్దా అని లండను సభలో రెండు పక్షాలూ హోరాహోరీగా తలపడ్డాయి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు జరిగింది. ధాన్య వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదిలేయాలన్న సూత్రాన్ని ఇక్కడ కఠినంగా పాటించారు. ఒకప్పుడు ఆ సూత్రానికి ఎదురు నిలిచి పేరు తెచ్చుకున్న మనిషి ప్రధానిగా ఉండగానే ఇది జరిగింది. మన రైతుకు ఆ సభలో ఓటు లేదు, ఓకానెల్ వంటి గొంతు కూడా లేదు.

ప్రతిపక్షం వద్దని నా భావం కాదు. ఎదురు మాట లేని సభ శ్మశానం. 1826లో హాబ్‌హౌస్ అనే సభ్యుడు వేళాకోళంగా అన్న "రాజుగారి ప్రతిపక్షం" అన్న మాట నిజమై నిలవడం బ్రిటిషువారి గొప్ప సంపాదన. అయితే ప్రతిపక్షమంటే న్యాయశాస్త్రంలో ఎదురుగా నిలబెట్టే మరొక సిద్ధాంతమని అర్థం. ఆ సిద్ధాంతం లేనప్పుడు మిగిలేది ఎదురుగా ఉన్న బల్ల మాత్రమే.

నాయనా, నీవు ఎక్కడున్నా, ఆనాడు అడిగినదానికి ఇదీ జవాబు. మూడూ ఒకే తలుపులో నుండి నడిచి వస్తాయి. పేర్లు చదివితే తేడా తెలియదు. నిన్న వీరు ఏమన్నారు, రేపు గద్దె ఎక్కాక ఏం చేశారు అని చూస్తేనే తెలుస్తుంది.

మిత్రులు పొరపాట్లుంటే చెప్పి దిద్దగలరు.