రోదసీ నౌకకు రెక్కలెందుకు?

మనిషిని మోసే రోదసీ నౌకకు రెక్కలుండాలా, మొద్దు పెట్టె లాంటిది చాలా అన్న వాదం ఇంజనీర్లది, సాహిత్య పత్రికలో దానికి చోటెందుకు అని అడిగే మిత్రులుంటారు. వస్తువు ముందా రూపం ముందా అని అర్ధశతాబ్దానికి పైగా వాదించుకుంటున్నవాళ్లం మనం. ఆ వాదంలో పొరబడ్డందుకు మనలో ఎవరూ చచ్చిపోలేదు. కొంత చెడ్డ కవిత్వం వచ్చింది, అంతే. రోదసీ నౌకల చరిత్రలో అదే పొరపాటుకు మనుషులు ప్రాణాలు చెల్లించారు.

సికింద్రాబాద్‌లో నేను పాఠం చెప్పే బడిలో పిల్లల్ని రోదసీ నౌక బొమ్మ గీయమంటే దాదాపు అందరూ రెక్కలున్నదే గీస్తారు. తప్పు వాళ్లది కాదు. ఎగిరేదానికి రెక్కలుండాలన్నది పక్షి నేర్పిన పాఠం. కానీ గాలి లేనిచోట రెక్కకు పనిలేదు. అది పనికొచ్చేది తిరుగు ప్రయాణంలో, అదీ చివరి భాగంలో. కక్ష్యలోంచి దిగే నౌక సెకనుకు దాదాపు 8 కిలోమీటర్ల వేగంతో గాలిలోకి దూరుతుంది. దానికి బాణంలా కొనదేలిన ముక్కు ఉండాలని మొదట్లో నిపుణులు కూడా అనుకున్నారు. 1950ల తొలినాళ్లలో అమెరికాలో జూలియన్ ఆలెన్ అనే శాస్త్రజ్ఞుడు దీన్ని తలకిందులు చేశాడు. ముక్కు మొద్దుగా ఉంటే దానికి ఎదురుగా గాలి ఒత్తుకుని గోడలా నిలుస్తుంది, వేడిలో ఎక్కువ భాగం ఆ గాలిలోకే పోతుంది, నౌకకు తగిలేది తక్కువ అని తేల్చాడు. చూడటానికి అందంలేని ఆ గంపరూపం ఎవరి అభిరుచీ కాదు. లోపల కూర్చున్న మనిషి కాలిపోకూడదన్న అవసరం నుంచి పుట్టిన రూపం. వస్తువే రూపాన్ని నిర్ణయిస్తుందని మనం చెప్పుకునే సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు సాహిత్యంలో కూడా దొరకలేదు.

1961 ఏప్రిల్ 12న గగారిన్ వెళ్లింది ఇలాంటి గోళంలోనే. ఆ ఏడాది చివర్లో ఆయన మన దేశానికి వచ్చినప్పుడు హైదరాబాద్ కూడా చూశాడు. ఆయన్ని మనవాళ్లు శ్రమజీవి విజయానికి ప్రతీకగా చూశారు, చూడటం న్యాయమే. అయితే ఇక్కడ మన వైపు లెక్క కూడా చెప్పుకోవాలి. ఆ గోళం మనిషితో సహా మెత్తగా నేలకు దిగగలిగింది కాదు. సుమారు 7 కిలోమీటర్ల ఎత్తున గగారిన్ బయటికి విసిరివేయబడి వేరే పారాచూట్‌తో దిగాడు. నౌకతోపాటే దిగితేగాని అంతర్జాతీయ రికార్డు దక్కదన్న నిబంధన ఉండటంతో ఆ సంగతి ఏళ్ల తరబడి దాచారు. దాయడానికి అందులో సిగ్గుపడాల్సింది ఏముంది? ప్రాణం కాపాడిన ఏర్పాటు అది.

దాపరికం వరకే అయితే పోనీ అనవచ్చు. 1964 అక్టోబరు 12న వోస్ఖోద్‌లో ముగ్గుర్ని పంపారు. అమెరికావాళ్లు ఇద్దర్ని పంపబోతున్నారు గనక మనం ముగ్గుర్ని పంపాలన్న పంతం. ఒకరి కోసం కట్టిన గది అది. ముగ్గురు పట్టాలంటే పీడన దుస్తులు తీసెయ్యాలి, విసిరివేసే కుర్చీలు తీసెయ్యాలి. తీసేశారు. అదృష్టవశాత్తు ముగ్గురూ తిరిగొచ్చారు. ఆ అదృష్టం అలవాటైంది. 1971 జూన్ 30న సోయుజ్ 11 దిగుతుండగా ఒక కవాటం ముందే తెరుచుకుని గదిలోని గాలి బయటికి పోయింది. దొబ్రోవోల్‌స్కీ, వోల్కోవ్, పత్సాయెవ్ ముగ్గురూ కుర్చీల్లోనే మరణించారు. దుస్తులుంటే బతికేవాళ్లు. దుస్తులతో ముగ్గురు పట్టరని అవి ఇవ్వలేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు సోయుజ్‌లో ఇద్దర్నే, దుస్తులతో పంపారు. మళ్లీ ముగ్గురు కూర్చునేలా నౌకను మార్చడానికి 1980 దాకా పట్టింది. సామ్యవాద వ్యవస్థలో యంత్రం మనిషి కోసమే ఉంటుందని రాసిన మన వ్యాసాలు ఈ సంగతి చెప్పలేదు.

అమెరికా కథ వేరుగా మొదలై అక్కడికే చేరింది. 1972లో నిక్సన్ ఆమోదించిన షటిల్‌కు అంత పెద్ద రెక్కలు రావడానికి ప్రధాన కారణం వాళ్ల వైమానిక దళం. ఒకే ఒక్క చుట్టు తిరిగి, దారికి రెండువేల కిలోమీటర్ల పక్కకు జరిగి, బయల్దేరిన చోటే దిగగలగాలని సైన్యం కోరింది. చవకగా, తరచుగా ఎగురుతుందని పాలకులు చెప్పారు. 1981 నుంచి 2011 దాకా ముప్పయ్యేళ్లలో అది ఎగిరింది 135 సార్లు. రెక్కలున్న ఆ భారీ వాహనాన్ని రాకెట్టు నెత్తిన పెట్టలేక పక్కన కట్టారు. పక్కన కట్టడంతో రెండు ప్రమాదాలు వచ్చిపడ్డాయి. ఒకటి, రాకెట్టు పేలితే తప్పించుకునే దారి లేదు. 1986 జనవరి 28న చాలెంజర్‌లో ఏడుగురు పోయారు. రెండోది, పైనుంచి ఏది ఊడినా నేరుగా రెక్కకే తగులుతుంది. 2003లో కొలంబియా బయల్దేరుతుండగా ఊడిన నురుగు ముక్క ఎడమ రెక్క అంచును చీల్చింది. ఫిబ్రవరి 1న తిరుగుదారిలో ఆ రంధ్రం గుండా వేడి లోపలికి చేరింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు. ఏ రెక్కను చూసి ప్రపంచం మురిసిందో ఆ రెక్కే మృత్యుద్వారమైంది. సోవియట్లు కూడా పోటీగా రెక్కల నౌక బురాన్ కట్టారు. 1988 నవంబరు 15న మనుషులు లేకుండా ఒక్కసారి ఎగిరి ఊరుకుంది.

ఈ రెండు మార్గాల మధ్య తేడా చెప్పే సంఘటన ఒకటి మనకు చాలా దగ్గరిది. 1983 సెప్టెంబరు 26న బైకనూరులో సోయుజ్ రాకెట్టు బయల్దేరడానికి నిమిషంన్నర ముందు అడుగున మంటలు లేచాయి. తీగలు కాలిపోయాయి, లోపలివాళ్లకు ఏం జరుగుతోందో తెలియదు. కిందివాళ్లు రేడియోలో ఆజ్ఞ పంపారు. నౌక నెత్తిమీది చిన్న రాకెట్టు వెలిగి గదిని లాక్కుని ఎగిరిపోయింది. కొద్ది క్షణాల్లో కింద అంతా పేలిపోయింది. నాలుగు కిలోమీటర్ల దూరంలో పారాచూట్‌తో దిగినవాళ్లు ఇద్దరు: తితోవ్, స్త్రెకాలోవ్. ఆర్నెల్లు గడిచాయి. 1984 ఏప్రిల్ 3న సోయుజ్ టి-11లో, హైదరాబాద్‌లో పెరిగి నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ పక్కన కూర్చున్నది ఈ స్త్రెకాలోవే. రాకేశ్ శర్మ మీద వచ్చిన రాతల్లో దేశభక్తి ఉంది, స్త్రెకాలోవ్ లేడు. చచ్చి బతికిన మనిషి ఆరు నెలల్లో మళ్లీ అదే మోడల్ నౌక ఎక్కాడంటే అతని ధైర్యం ఒక్కటే కారణం కాదు, ఆ నెత్తిమీది రాకెట్టు పనిచేస్తుందని తన ఒంటితో చూశాడు.

మన దేశంలో ఈ వాదం ఎలా సాగింది? ధనిక దేశాలతో మానవ రోదసీ యాత్రల్లో పోటీపడాలన్న భ్రమ మనకు లేదని విక్రమ్ సారాభాయ్ స్పష్టంగా చెప్పాడు. అయినా కలలు ఆగవు. భారత్ డైనమిక్స్ అధిపతిగా పనిచేసిన రాఘవన్ గోపాలస్వామి హైదరాబాద్ కేంద్రంగా 1998లో 'అవతార్' అనే రెక్కల వాహనాన్ని ప్రతిపాదించాడు. విమానంలా లేచి, దారిలో గాలినే పీల్చి ఆక్సిజన్‌ను ద్రవంగా మార్చుకుని కక్ష్యకు చేరాలి. బరువు 25 టన్నులు, అందులో అరవై శాతం హైడ్రోజన్. 2001లో అమెరికాలో ఒక సదస్సులో కూడా చర్చకు పెట్టారు. ఆలోచనలో తెలివి ఉంది, కానీ అది కాగితం దాటలేదు. చిన్న రెక్కల నమూనాను ఇస్రో 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఎగరేసింది. ఆ వరసలో 2024లో చిత్రదుర్గ దగ్గర దించినదానికి 'పుష్పక్' అని పేరు పెట్టారు. పేరు పెట్టుకోవడం వరకు అభ్యంతరం లేదు. అందులో మనిషి లేడు, రెక్కను పరీక్షించవలసింది అలాగే. కాని ఆ పేరు వినగానే మన పూర్వులకే విమానాలున్నాయని మొదలుపెట్టేవాళ్లకు మాత్రం 1974 గుర్తుచేయాలి. ఆ ఏడాది బెంగుళూరు విజ్ఞాన సంస్థలోని ఐదుగురు శాస్త్రజ్ఞులు 'వైమానిక శాస్త్రం' చదివి, అందులోని బొమ్మలు ఎగరగలిగినవి కావనీ, గ్రంథం ఇరవయ్యో శతాబ్దం నాటిదనీ నిరూపించారు. కవి కల్పనను కల్పనగా గౌరవించడం చేతకానివాళ్లే దాన్ని ఇంజనీరింగ్ చేస్తారు.

మనుషుల్ని పంపే గగన్‌యాన్‌కు ఇస్రో ఎంచుకున్నది మొద్దు పెట్టెనే. ఈ ఖర్చు అవసరమా అన్న ప్రశ్న వేరే ఉంది. 2024లో ఆమోదించిన మొత్తం 20,193 కోట్లు. నల్లబల్లలు కూడా సరిగాలేని బళ్లలో పనిచేసేవాడిగా ఆ ప్రశ్నను నేను కొట్టిపారేయను. కాని పంపాలని నిర్ణయించాక ఎలా పంపుతారన్నది కూడా ప్రజల ప్రశ్నే. 2018 ఆగస్టు 15న ఎర్రకోట మీది నుంచి 2022 నాటికి పంపుతామని ప్రకటించారు. స్వాతంత్ర్య వజ్రోత్సవానికి కానుక అన్నమాట. అది వోస్ఖోద్ తర్కం. 2022 వచ్చింది, వెళ్లింది, నౌక వెళ్లలేదు. ఇది వైఫల్యమని ఎగతాళి చేసిన పత్రికలున్నాయి. ఉత్సవ తేదీ కోసం ఇంజనీర్లు ఏ కుర్చీనీ పీకెయ్యకపోవడం ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన విషయం.

2023 అక్టోబరు 21న శ్రీహరికోటలో జరిపిన పరీక్ష పైకి వెళ్లడానికి కాదు, తప్పించుకోవడానికి. తీరా బయల్దేరడానికి ఐదు సెకన్ల ముందు కంప్యూటరు ఆపేసింది. కారణం కనుక్కుని, సరిచేసి, పొద్దున పదింటికి మళ్లీ వదిలారు. సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున, రాకెట్టు చెడిపోయిందనుకుని, నెత్తిమీది రాకెట్టు ఖాళీ గదిని లాగేసింది. పారాచూట్‌లు విచ్చుకున్నాయి, గది బంగాళాఖాతంలో పడింది, నావికాదళం వెళ్లి పట్టుకుంది. వాళ్లు చేరేసరికి గది నీళ్లలో తలకిందులుగా తేలుతోంది. మనుషులుంటే పట్టీలకు తలకిందులుగా వేలాడేవాళ్లు. గదిని నిటారుగా తిప్పే గాలితిత్తులు ఆ పరీక్షలో పెట్టలేదు. తర్వాతి పరీక్షలో పెట్టాలని నిర్ణయించారు.